నీళ్లు ఆపడానికి తాళం తీయండి, మా వంటిల్లు చూడ్డానికి కాదు

అద్దె ఇంటి రెండో తాళంచెవి ఓనరు దగ్గర ఉండాలా వద్దా అంటే, ఉండాలనే నేనంటాను. పెళ్లయి హైదరాబాదు వచ్చిన దగ్గర్నుంచీ అద్దె ఇళ్లలోనే కాపురం చేస్తున్నదాన్ని ఈ మాట అనేసరికి మా ఫ్రెండ్సుకి మింగుడుపడదు. "ఓనర్ల పార్టీలో ఎప్పుడు చేరావే?" అంటారు. ఓ లెక్కన చేరినట్టే. గుంటూరులో మా అమ్మ కింద ఉంటూ మేడ మీద పోర్షను అద్దెకిస్తుంది. ఆ అగ్రిమెంట్లూ రిపేర్లూ ఫోన్లూ అన్నీ నా నెత్తినే. ఇక్కడ నా ఇంట్లోకి ఎవరో వస్తానంటారు, అక్కడ మా అమ్మ ఎవరి ఇంట్లోకో వెళతానంటుంది. రెండు వైపులా సర్దిచెప్పీ చెప్పీ నాకో అభిప్రాయం గట్టిపడింది. ప్రమాదం ఆపడానికి లోపలికి రావడం ఒకటి, చెడిపోయినదాన్ని బాగుచేయడానికి రావడం ఇంకొకటి. మొదటిదానికి అడక్కుండా అయినా రావచ్చు, వెంటనే రావాలి, ఆపగానే పోవాలి. రెండోదానికి మాత్రం అడిగి, ఇద్దరికీ కుదిరిన టైముకే రావాలి. "అర్జెంటు రిపేరు" అంటూ ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తాం కాబట్టే ఇన్ని తగువులు.

ఈ తేడా నాకు బాగా తెలిసొచ్చింది ఓ సంక్రాంతికి. మేముండేది ఐదంతస్తుల అపార్టుమెంటులో రెండో అంతస్తు. పండక్కి సగం హైదరాబాదు ఖాళీ అవుతుంది కదా, మా పై ఫ్లాటులో అద్దెకుండే కుర్రాళ్లు ముగ్గురూ ఊళ్లకి వెళ్లిపోయారు. భోగి నాడు పొద్దున మా బాత్రూము సీలింగు నుంచి చుక్కలు మొదలయ్యాయి. మొదట గోడ మూలన, పదకొండయ్యేసరికి లైటు హోల్డరు చుట్టూ. ఆ లైను కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్చి దించేసి, అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో వీడియో పెట్టాను. సెక్రటరీగారు పరుగున వచ్చారు. "తాళం పగలగొట్టిద్దామండీ, ఇది ఎమర్జెన్సీ" అన్నారు. ఆయన వెనకే మరో ఇద్దరు కార్పెంటరు నంబరు కోసం ఫోన్లు వెతుక్కుంటున్నారు. పై ఫ్లాటు ఓనరు ఉండేది డల్లాస్‌లో, అక్కడ అప్పుడు అర్ధరాత్రి. ఫోనెత్తలేదు.

ఈ హడావిడిలో సరిగ్గా ఆలోచించినవాడు మా వాచ్‌మన్ ఒక్కడే. "ముందుగాల మీద వాల్వు బంద్ చేస్త సార్. తాళం ముచ్చట తర్వాత" అని టెర్రస్ మీదకి పోయాడు. ఆ గేట్ వాల్వు ఏ కాలంలో తిప్పారో ఏమో, పానా పెట్టి ఇద్దరు పట్టుకుంటే గానీ కదల్లేదు. కట్టేశాక మా బాత్రూములో చుక్కలు నెమ్మదించాయి, మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి దాదాపు ఆగిపోయాయి. తాళం పగలగొట్టే ప్రస్తావన దానంతటదే పోయింది.

అయితే వాల్వు కట్టేయడం ఊరికే అయ్యే పని కాదు. మా బిల్డింగులో ట్యాంకు నుంచి దిగే ఒక్కో పైపు, పై నుంచి కింది దాకా ఒక వరస బాత్రూములన్నిటికీ నీళ్లిస్తుంది. అది కడితే ఐదు ఇళ్లకి బంద్. మా ఆడపడుచు వాళ్లు పిల్లలతో సహా వచ్చి ఉన్నారు. బకెట్లతో వంటింట్లోంచి బాత్రూముకి నీళ్లు మోసుకుంటూ భోగి చేసుకున్నాం. నాలుగో అంతస్తు ఆవిడ సాయంత్రానికల్లా గ్రూపులో "ఇంకెంతసేపండీ?" అని మొదలుపెట్టారు. ఆవిడ అడగడంలో తప్పేం లేదు.

చీకటి పడే వేళకి కుర్రాళ్లలో ఒకబ్బాయి రాజమండ్రి నుంచి ఫోన్లో దొరికాడు. రెండో తాళంచెవి ఓనరు బావమరిది దగ్గర మియాపూర్‌లో ఉంది. "అక్కా, ఆయనొక్కరే కాకుండా మీరూ వెళ్లండి, నేను వీడియో కాల్‌లో ఉంటా" అన్నాడు. అలాగే వెళ్లాం. బావమరిదిగారు, వాచ్‌మన్, చేతిలో ఫోనుతో నేను. ఫ్లష్ ట్యాంకుకి నీళ్లందించే చిన్న కనెక్షన్ పైపు చిట్లి, గోడంతా తడిపేసిందన్నమాట. కారిన నీళ్లు చాలావరకు జాలిలోంచి పోయినా, టైల్సు సందుల్లోంచి దిగినవి మా నెత్తిన పడ్డాయి. ఆ పైపుకి నీళ్లు వదిలే ట్యాపు, అదే యాంగిల్ కాక్, కట్టేశాం. మీద వాల్వు తెరిపించి, కారడం లేదని చూసుకున్నాం. బావమరిదిగారు "ఇంకెక్కడైనా లీకుందేమో ఓసారి చూసేద్దాం" అంటూ బెడ్‌రూము వైపు తిరిగారు. ఫోన్లోంచే ఆ అబ్బాయి, "అటు నీళ్ల లైను లేదంకుల్" అన్నాడు, చాలా మర్యాదగా. బయటికొచ్చి తాళం వేసేశాం.

అద్దె ఇంట్లోకి అత్యవసరంగా వెళ్లాల్సి వస్తే ఎలా వెళ్లాలో నాకు అంతకంటే మంచి నమూనా దొరకలేదు.

ఇక్కడ ప్లంబర్లందరికీ తెలిసి, మనలో చాలామంది పట్టించుకోని సంగతొకటుంది. లీకేజీ రెండు రకాలు. ట్యాంకు నుంచి వచ్చే లైనులో నీళ్లు ఎప్పుడూ ఒత్తిడితో ఉంటాయి కాబట్టి, అది పగిలితే ఇంట్లో మనుషులున్నా లేకున్నా 24 గంటలూ కారుతుంది. వాడిన నీళ్లు బయటికి పోయే లైను అలా కాదు. స్నానం చేసినప్పుడో, ఫ్లష్ నొక్కినప్పుడో, గిన్నెలు కడిగినప్పుడో మాత్రమే కారుతుంది. తాళం వేసిన ఇంట్లో ఈ రెండో రకం దానంతటదే ఆగుతుంది, స్లాబు పీల్చుకున్న తడి ఇంకొంతసేపు దిగినా సరే. మొదటి రకం వాల్వు కడితే ఆగుతుంది. అంటే, అద్దెకున్నవాళ్లు లేనప్పుడు తలుపు తీసి తీరాల్సిన లీకేజీ మనం అనుకున్నంత తరచుగా రాదు. వచ్చేది మా భోగి లాంటి సందర్భంలో, వాల్వు కడితే ఐదిళ్ల వాళ్లు ఇబ్బంది పడేటప్పుడు. అసలు ఒక్కో ఫ్లాటుకీ బయట పైపులు దిగే డక్టులో ఓ వాల్వు పెట్టి కడితే ఈ కాస్త గొడవా ఉండదు. ఫ్లాటు అమ్మేటప్పుడు మార్బుల్ గురించి అంతసేపు చెప్పేవాళ్లు వాల్వు ఊసెత్తరు. కొనేవాళ్లూ అడగరనుకోండి.

కరెంటు సంగతీ ఇంతే. చాలా అపార్టుమెంట్లలో మీటర్లన్నీ కింద ఒకే చోట ఉంటాయి, ఆ ఫ్లాటుది అక్కడే ఆపేయొచ్చు. గ్యాసు వేరే లెక్క. తాళం వేసిన ఇంట్లోంచి గ్యాసు వాసనొస్తుంటే సిలిండరు రెగ్యులేటరు లోపలే ఉంటుంది కాబట్టి తలుపు తీయాల్సిందే. వంటగ్యాసు గాలికంటే బరువు, నేలబారున పేరుకుంటుంది. ఆ సమయంలో కాలింగ్ బెల్ కూడా నొక్కకూడదు, లైటు స్విచ్చి ముట్టుకోకూడదు, గ్యాసు లీకేజీ హెల్ప్‌లైన్ 1906కి ఫోన్ చేయాలి. ఫోనైనా ఆ గుమ్మానికి దూరంగా వెళ్లి చేయాలి. అప్పుడు ఎదుటివాళ్ల అనుమతి కోసం ఆగమనేవాడికి బుర్ర లేదని అర్థం. పొగొస్తున్నా, ఒంటరిగా ఉండే పెద్దాయన ఎంత కొట్టినా పలక్కపోయినా అంతే.

చట్టం ఏమంటుందో చూద్దామని కూర్చుంటే నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత కాస్త చిరాకూ వచ్చింది.

మనలో ఎక్కువమందికి వర్తించేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది గానీ, 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు అది వర్తించదు. ఆ డబ్బుకి ఇవాళ హైదరాబాదులో సరైన గది దొరకడమే గగనం. కాబట్టి మళ్లీ 1882కే వెళ్లాలి. అందులో 108వ సెక్షను అద్దె కడుతున్నంత కాలం అద్దెదారు అనుభవానికి అడ్డు తగలకూడదంటుంది. అదే సెక్షను కొంచెం కిందకి దిగాక, యజమానీ అతని మనుషులూ "సమంజసమైన అన్ని వేళల్లో" లోపలికొచ్చి ఇంటి స్థితి చూసుకోవడానికి అద్దెదారు ఒప్పుకోవాలంటుంది. మన పదకొండు నెలల అగ్రిమెంట్లలో కనిపించే "యజమాని పరిశీలనకు అభ్యంతరం చెప్పరాదు" అన్న లైను పుట్టింది ఇక్కడే. ఏ వేళ సమంజసం, ముందు చెప్పాలా, మనం లేనప్పుడు రావచ్చా అన్నవేవీ అందులో ఉండవు. సంతకం పెట్టేటప్పుడు మన కళ్లు అద్దె, అడ్వాన్సు, ఏడాదికెంత పెంచుతారు అనే అంకెల మీదే ఉంటాయి గానీ ఆ లైను మీద పడవు.

ఇక కొత్తది, కేంద్ర కేబినెట్ 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం. అద్దెల వ్యవహారం రాష్ట్రాలది కాబట్టి ఇది పేరుకి తగ్గట్టే నమూనా. ఎవరి చట్టం వాళ్లు చేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ అంతకు ముందే, 2017లో, తన కొత్త అద్దె చట్టం చేసుకుంది. నమూనా చట్టం 17వ సెక్షను ప్రకారం మరమ్మతులకైనా పరిశీలనకైనా కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగానో మెసేజి రూపంలోనో నోటీసివ్వాలి. ఎందుకొస్తున్నారో, ఏ రోజు ఎన్నింటికొస్తారో అందులో ఉండాలి. సూర్యోదయానికి ముందూ సూర్యాస్తమయం తర్వాతా రాకూడదు. ఇంతవరకూ బాగుంది. నోటీసు లేకుండా రావడానికి మినహాయింపులు ఏమిటయ్యా అంటే యుద్ధం, వరద, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం, అలాంటి ప్రకృతి విపత్తులు!

అంటే బుడమేరు పొంగి 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్ మునిగినట్టు మునిగితే ఓనరు నేరుగా రావచ్చు. ఫ్లష్ ట్యాంకు పైపు పగిలి కింది ఇల్లు మునుగుతుంటే మాత్రం, అక్షరాలా చదివితే, 24 గంటల నోటీసు. గీజరు పగిలిపోవడం, సిలిండరు లీకవడం ప్రకృతి విపత్తులు కావు. యుద్ధం దాకా ఆలోచించినవాళ్లకి పైపు ఎందుకు గుర్తు రాలేదో! ఈ ఖాళీ వల్ల రెండు వైపులా నష్టమే. నిజాయితీగా ఆపడానికి వెళ్లిన ఓనరు చట్టం తప్పినట్టవుతాడు. ఆ భయం ఒకసారి పోయిందా, ఎటూ రాతలో లేదు కదా అని ప్రతి చిన్నదానికీ తాళం తీసే ఓనరు తయారవుతాడు.

సూర్యాస్తమయం నిబంధన కూడా కాగితం మీద బాగుంటుంది. డిసెంబరులో హైదరాబాదులో ఆరు కాకముందే పొద్దుపోతుంది. ఉద్యోగాలు చేసుకునే జంట ఇంటికి చేరేది ఏడున్నరకి. మేముండగా ప్లంబరు రావాలంటే మేమే రాత్రి రమ్మనాలి. రమ్మంటే రావచ్చు, అందులో పేచీ లేదు. నా బాధ ఇంకోటి. పగలు వస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదన్న లెక్క ఈ ఊళ్లో పనికిరాదు. కొండాపూర్‌లో ఒంటరిగా ఉండే మా ఫ్రెండుది నైట్ షిఫ్టు. పొద్దున తొమ్మిదికి పడుకుంటుంది. ఓసారి పదకొండింటికి గుమ్మంలో తాళం తిరుగుతున్న చప్పుడుకి మెలకువొచ్చింది. లోపల గడియ పెట్టుకుని ఉంది కాబట్టి తలుపు తెరుచుకోలేదు. బయట ఓనరు, ఇద్దరు పనివాళ్లు. "ఆఫీసులో ఉంటావనుకున్నానమ్మా, బాల్కనీలో పైపు చూద్దామని" అన్నాడట. సూర్యుడు నడినెత్తికి రాబోతున్నాడు కాబట్టి వేళలో తప్పు లేదు. ఫోన్ చేయకపోవడమే తప్పు.

పోలీసుల దగ్గరికి వెళ్లొచ్చు కదా అంటారు. అద్దెకిచ్చాక ఇల్లు అద్దెదారు స్వాధీనంలో ఉన్నట్టే, కాబట్టి ఓనరు మీద కూడా అక్రమ ప్రవేశం కేసు పెట్టొచ్చు. భారతీయ న్యాయ సంహితలో 329వ సెక్షను ఉంది. కాకపోతే నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో వచ్చాడని తేలాలి. "పైపు చూద్దామని వచ్చా" అన్నవాడి మీద అది నిలబడటం కష్టం. నాలుగు రోజులు తిరిగాక "సివిల్ మ్యాటరమ్మా, మాట్లాడుకోండి" అంటారు. మళ్లీ ఆ ఇంట్లోనే ఉండాలి, అడ్వాన్సు ఆయన దగ్గరే ఉంటుంది.

ఇంతకీ మనం లేనప్పుడు ఎవరైనా వస్తే నష్టమేంటని అడిగేవాళ్ల కోసం ఒకటి చెబుతాను. ఈ అపార్టుమెంటుకి ముందు మేము ఓ ఇండిపెండెంట్ ఇంట్లో పై పోర్షనులో ఉండేవాళ్లం. టూలెట్ బోర్డు చూసి వెళ్లిన రోజే "మీరేమిట్లు?" అన్నది తేలాక ఇచ్చిన ఇల్లది. వంటింట్లో సింకు కింద గోడ చెమ్మగా ఉందని మేమే చెప్పాం. మేమిద్దరం ఆఫీసుల్లో ఉండగా ఓనరుగారు తన దగ్గరున్న తాళంతో వచ్చి చూసుకెళ్లారు. సాయంత్రం పిలిస్తే వెళ్లాను, చెమ్మ సంగతి చెబుతారని. "ఫ్రిజ్ మీద గుడ్ల ట్రే కనబడిందమ్మా. మన ఇళ్లల్లో ఇవి ఉండవనుకున్నా" అన్నారు. సింకు ఎక్కడ, ఫ్రిజ్ ఎక్కడ! చెమ్మ గురించి నేనే అడిగితే, "వేసవి రానీ, చూద్దాం" అన్నారు. వేసవి వచ్చింది, పోయింది. ఆ మచ్చ మీద ఓ పూత సున్నం పడింది, వానాకాలంలో మళ్లీ బయటపడింది. మేము ఖాళీ చేసేనాటికి ఆ గోడ పెచ్చులూడుతోంది.

మరమ్మతు పేరుతో వచ్చేవాళ్లలో ఇలాంటివాళ్లు అరుదని ఎవరైనా అంటే, వాళ్లు ఈ ఊళ్లో అద్దె ఇల్లు వెతికి ఉండరు. మాంసం వాసన, వచ్చిపోయే మగవాళ్లు, గోడకి కొట్టిన మేకులు, దేవుడి పటాల్లో ఉన్నదెవరు అన్నవన్నీ తనిఖీ జాబితాలో ఉంటాయి. ఇక్కడ నాకు 2004లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఓ తీర్పు గుర్తొస్తుంది, అదీ మన దగ్గర పుట్టిన కేసే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు చట్టానికి ఓ సవరణ చేసి, కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనా లోపలికెళ్లి కాగితాలు తనిఖీ చేయొచ్చన్నారు. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారుకీ కెనరా బ్యాంకుకీ మధ్య నడిచిన ఆ కేసులో కోర్టు దాన్ని కొట్టేసింది. గోప్యత మనిషికి సంబంధించింది, స్థలానికి కాదు అంది. అది ప్రభుత్వం మీద కేసు, ఓనర్లకి నేరుగా తగలదు, నిజమే. అయినా ఆ సూత్రం అద్దెకున్నవాళ్లు పట్టుకోవాల్సిందే. గోడలు ఎవరివైనా, వాటి మధ్య నేను ఏం వండుకుంటానో ఎలా పడుకుంటానో నా సొంత వ్యవహారం.

మా అమ్మకి ఇది ఒక పట్టాన ఎక్కదు. "నా ఇంట్లోకి నేను వెళ్లడానికి అపాయింట్‌మెంటా?" అంటుంది. "ఇల్లు నీదేనమ్మా, కాపురం వాళ్లది" అంటాను. ఆవిడ దగ్గర నేను కాదనలేని వాదన ఒకటుంది. ఓసారి మేడ మీదవాళ్లు తిరుపతి వెళుతూ, నీళ్లు రాని వేళ తిప్పిన ట్యాపు కట్టడం మరిచారు. ఆ తర్వాత మోటారు వేస్తే ట్యాంకు నిండదు, వేసిన నీళ్లన్నీ పైన జాలిలోకి. బాత్రూము తూము దగ్గర ధార చూసి కనిపెట్టింది అమ్మ. వాళ్లకి ఫోన్ చేస్తే అందలేదు. పక్కింటి పిన్నిని వెంటపెట్టుకుని వెళ్లి, తాళం తీసి, ట్యాపు కట్టి, తాళం వేసి, ఫలానా పని చేశానని ఆ అమ్మాయికి మెసేజి పెట్టించింది. తప్పు పట్టడానికేమీ లేదు, నేనైనా అదే చేసేదాన్ని. అంతా అయ్యాక ఫోన్లో నాకు చెబుతూ, "ఆ బెడ్‌రూము చూడాలే తల్లీ, బట్టలన్నీ మంచం మీదే" అంది. ట్యాపు ఎక్కడుందమ్మా, మంచం ఎక్కడుంది అని అడిగాను. కాసేపు పలకలేదు. తర్వాత కూరల రేట్ల మీదకి మాట మార్చింది.

ఇప్పుడు బాగుచేయడం సంగతి. అసలు తగువంతా ఇక్కడే, ఇందులో అద్దెకున్నవాళ్ల పక్షాన నేను పూర్తిగా నిలబడలేను.

సంక్రాంతి తర్వాత మా పైవాళ్లు కనెక్షన్ పైపు మార్పించుకున్నారు. (నమూనా చట్టం లెక్కలో పైపులు మార్చడం ఓనరు ఖర్చు, ట్యాపులూ వాషర్లూ గీజరు రిపేర్లూ అద్దెదారు ఖర్చు. జానెడు కనెక్షన్ పైపు ఎవరి ఖాతాలోకొస్తుందో మీరే చెప్పాలి.) అయినా వాళ్లు స్నానం చేసినప్పుడల్లా మా సీలింగు తడుస్తూనే ఉంది. నీళ్ల లైను బాగానే ఉంది, బాత్రూము నేల కింద వాటర్‌ప్రూఫింగే పోయింది. దాన్ని బాగుచేయాలంటే టైల్సు కొట్టాలి, కింద నింపిందంతా తీయాలి, కోటింగు వేయాలి, నీళ్లు నిలబెట్టి ఓ రోజో రెండ్రోజులో కారడం లేదని చూసుకోవాలి, మళ్లీ టైల్సు వేయాలి. వారం పైమాటే. ఇంట్లో సుత్తి మోత, సిమెంటు దుమ్ము, ఎవరెవరో మనుషులు. "మా అగ్రిమెంటు ఇంకొన్నాళ్లలో అయిపోతుందక్కా, మేం వెళ్లాక చేసుకోమనండి" అన్నారు కుర్రాళ్లు. వాళ్ల కోణంలో న్యాయమే. నా సీలింగు కోణంలో ఘోరం. నా ఓనరు, వాళ్ల ఓనరు ఇద్దరూ ఫోన్లలో అరుచుకున్నారు. మధ్యలో సెక్రటరీగారు మళ్లీ "ఎమర్జెన్సీ" అన్నారు.

ఎమర్జెన్సీ కాదది. ఆ బాత్రూము వాడకం మానేస్తే కారడం ఆగుతుంది. వాళ్లకి ఇంకో బాత్రూము ఉంది. కాబట్టి ఆపడం ఆ రోజే చేయగలిగింది, చేశారు కూడా. మిగిలింది మరమ్మతు. దానికి అద్దెదారు టైమివ్వాలి, తప్పించుకోకూడదు. కింది ఇంట్లో కూడా మనుషులే ఉంటారు కదా. అయితే ఒక బాత్రూము లేకుండా, దుమ్ములో వారంపాటు ఉండే ఇంటికి పూర్తి అద్దె ఎందుకు కట్టాలి? డల్లాస్ ఓనరుతో ఈ మాట అన్నది నేనే. ఆయన కాస్త నసిగి, ఆ నెల అద్దెలో కొంత తగ్గించాడు. తలుపు వెంటనే తెరుచుకుంది. అంతవరకూ అందరూ హక్కుల గురించి మాట్లాడుతున్నారు గానీ, ఇబ్బందికి ఎవరు డబ్బు పెట్టుకోవాలో ఒక్కరూ అడగలేదు.

మన చట్టాలు గీత గీసేది వచ్చేవాడి గంటలకే. బాగుచేసేవాడి గంటలకి గడువు పెట్టలేదు. నమూనా చట్టంలో ఓనరు చేయకపోతే అద్దెదారే చేయించుకుని అద్దెలో మినహాయించుకోవచ్చు, నెలకి సగం అద్దె మించకుండా. ఇల్లు ఉండలేని స్థితికి చేరి, రాసిచ్చినా ఓనరు పట్టించుకోకపోతే 15 రోజుల నోటీసుతో వెళ్లిపోవచ్చు. పారిపోయే దారి చూపించారన్నమాట. సియాటిల్ వైపు ఉండే మనవాళ్లని అడగండి, వాషింగ్టన్ రాష్ట్ర చట్టం అటూ ఇటూ రెండు వైపులా గడియారం పెట్టింది. లోపలికి రావాలంటే మామూలుగా రెండు రోజుల ముందు చెప్పాలి, ఎమర్జెన్సీకి అక్కర్లేదు. అదే సమయంలో నీళ్లో కరెంటో పోయినా, ప్రాణాపాయమున్నా అద్దెదారు రాసిచ్చిన 24 గంటల్లో ఓనరు పని మొదలుపెట్టాలి. ఫ్రిజ్, స్టౌ, పెద్ద ప్లంబింగు సమస్యలకి 72 గంటలు. మిగతావాటికి పది రోజులు. అమెరికా అంతా అలా ఉందనుకోకండి. మా పై ఫ్లాటు ఓనరుండే టెక్సాస్‌లో, ఓనరు ఎప్పుడు లోపలికి రావచ్చన్నదానికి రాష్ట్ర చట్టంలో ప్రత్యేక నిబంధనే లేదు, లీజులో ఏం రాసుకుంటే అదే.

మన దగ్గరా చివరికి అంతే కాబట్టి, నేను అగ్రిమెంటులో ఐదు వాక్యాలు రాయించడం మొదలుపెట్టాను. మేడ మీద పోర్షనుకీ అవే, మేముండే ఫ్లాటుకీ అవే. నీటి ధార, గ్యాసు వాసన, మంట, షార్ట్ సర్క్యూట్, వీటిలో ఏదైనా ఉండి, అద్దెకున్నవాళ్లు ఫోనుకి అందకపోతే, యజమాని మరొకరిని వెంటబెట్టుకుని తాళం తీసి ప్రమాదం ఆపొచ్చు. ఆపగానే బయటికి రావాలి, వెళ్లేముందూ వచ్చాకా మెసేజి పెట్టాలి. ఇంకే మరమ్మతుకైనా ఒక రోజు ముందు చెప్పాలి, అద్దెకున్నవాళ్లు మూడు రోజుల్లోపు ఏదో ఒక టైమివ్వాలి. పనికి సంబంధం లేని గదుల్లోకి వెళ్లకూడదు. బాత్రూమో వంటిల్లో ఒక రోజుకి మించి వాడుకోలేకపోతే అన్ని రోజులకీ అద్దె తగ్గించాలి. డాక్యుమెంటు రైటరు చదివి, "ఇవన్నీ ఎవరూ రాయరు మేడం, ఫార్మాట్‌లో లేవు" అన్నాడు. టైపు చేసే చోట ఫార్మాట్ అనేది భగవద్గీతతో సమానం.

గుంటూరులో కొత్తగా దిగినవాళ్లు చదివి వెంటనే సంతకం పెట్టారు. అమ్మ మాత్రం గదుల వాక్యం దగ్గర నా వంక ఓ చూపు చూసి పెట్టింది. హైదరాబాదులో మా ఓనరుగారు అద్దె తగ్గించే వాక్యం మీద బేరమాడి, ఒక రోజుని మూడు రోజులు చేయించారు. సరే అన్నాను. తాళం పగలగొట్టాల్సి వస్తే ఖర్చెవరిదన్న దగ్గర మాత్రం ఇద్దరం ఆగిపోయాం. రెండో తాళంచెవి ఇవ్వనంటే నాది, ఇచ్చాక దాన్ని ఆయన మియాపూర్‌లోనో డల్లాస్‌లోనో పెట్టుకుంటే ఆయనది అంటాను నేను. తలుపు ఆయనదైనా తాళం కప్ప నాది కాబట్టి ఎలా చూసినా నాదే అంటారాయన. అగ్రిమెంటులో ఆ లైను ఉండాల్సిన చోట ప్రస్తుతానికి ఖాళీ వదిలాం.